తొలి జెట్ ఫైటర్ల క్యానన్లు: ఏది ఎవరి చేతికి సరిపోతుంది?

మిగ్-15లో 37 మిల్లీమీటర్ల గన్ను ఉంది కదా, అమెరికా సేబర్‌లో ఉన్నవి అర అంగుళం మెషిన్‌గన్లే కదా, అలాంటప్పుడు కొరియా యుద్ధంలో మిగ్ ఎందుకు ఏకపక్షంగా గెలవలేదు? ఈ ప్రశ్న తెగదు. చరిత్ర చదివేవాళ్ళు అడుగుతారు, ఫ్లైట్ సిమ్యులేటర్లు ఆడేవాళ్ళు అంతకంటే ఎక్కువ అడుగుతారు, ఎందుకంటే వాళ్ళు ఆట మొదలయ్యే ముందే ఏదో ఒక విమానాన్ని ఎంచుకుని కూర్చోవాలి. చాలామంది చేసేది ఏమిటంటే గన్ను క్యాలిబర్, అంటే గొట్టం లోపలి వెడల్పు చూస్తారు, పెద్దది కనిపిస్తే అది తీసుకుంటారు, తర్వాత నాలుగు ఆటలు ఒక్క విమానమూ కూల్చకుండా ముగిసేసరికి విసుగొచ్చి ఆటనే తిడతారు. క్యాలిబర్ అన్నిటికంటే చివర చూడాల్సిన విషయం అని నా గట్టి నమ్మకం. ముందు చూడాల్సినవి వేరే ఉన్నాయి.

1944 నుంచి 1950ల చివరిదాకా ఉన్న ఐదు రకాలనే ఇక్కడ తీసుకున్నాను: జర్మన్ మెసర్‌ష్మిట్ 262లోని ఎంకే 108, సోవియట్ మిగ్-15లోని 37, 23 మి.మీ. జంట, బ్రిటిష్ మీటియోర్, వాంపైర్లలోని 20 మి.మీ. హిస్పానో, సేబర్‌లోని 12.7 మి.మీ. బ్రౌనింగ్, చివరగా బ్రిటిష్ హంటర్, న్యాట్, ఫ్రెంచ్ మిస్టేర్లతో వచ్చిన 30 మి.మీ. రివాల్వర్ క్యానన్లు. బ్రౌనింగ్ క్యానన్ (పేలే గుండ్లు వేసే పెద్ద గన్ను) కాదు, మెషిన్‌గన్. కానీ దానితో పోల్చి చూడకపోతే మిగతావాటి బలం ఏమిటో తెలియదు.

## ముందు ఏం చూడాలి

ఎవరి మీద కాలుస్తున్నారు? అన్నిటికీ మూలం ఇదే. నాలుగు ఇంజన్ల బాంబర్ పెద్దది, నిదానంగా తిన్నగా వెళ్తుంది, కానీ ఎన్ని దెబ్బలైనా తట్టుకుంటుంది. ఫైటర్ చిన్నది, ఒక్కచోట ఉండదు, కానీ గట్టి దెబ్బ ఒకటి తగిలితే చాలు. మొదటిదానికి ఒక్కో గుండూ బలంగా ఉండాలి, రెండోదానికి ఆకాశం నిండా గుండ్లు ఉండాలి.

గుండు వేగం. దీన్ని చాలామంది పట్టించుకోరు. గాలి అడ్డు లేదనుకుని ఒక చిన్న లెక్క వేద్దాం. లక్ష్యం 300 మీటర్ల దూరంలో, సెకనుకు 200 మీటర్ల వేగంతో మీకు అడ్డంగా పోతోంది. సెకనుకు 540 మీటర్లు పోయే గుండు అక్కడికి చేరేలోపు లక్ష్యం 110 మీటర్లు జరిగిపోతుంది. సెకనుకు 850 మీటర్లు పోయే గుండయితే 70 మీటర్లు. మీరు గురి పెట్టాల్సింది విమానం మీద కాదు, దాని ముందున్న ఖాళీ ఆకాశం మీద. 70 మీటర్ల ముందుకు ఊహించడమే కష్టం, 110 అంటే ఇంకా కష్టం. అదీకాక నెమ్మది గుండు ఆ దూరంలోనే మీటరున్నర కిందికి జారుతుంది, వేగమైనది అరమీటరు పైచిలుకు మాత్రమే జారుతుంది. నిజం గాలిలో రెండూ ఇంకా జారతాయి.

అర సెకనులో ఎన్ని గుండ్లు వెళ్తాయి? జెట్లు వచ్చాక వేగాలు పెరిగి, శత్రువు గురిలో నిలిచే సమయం బాగా తగ్గిపోయింది. ఫైటర్ మీద ఫైటర్ కాల్చేటప్పుడు దొరికేది తరచూ అర సెకనే. అందుకని నిమిషానికి ఎన్ని రౌండ్లు అనే అంకె కంటే అర సెకనులో ఎన్ని అన్నదే నాకు ముఖ్యం.

ఎంతసేపు కాల్చగలరు, గన్ను కాలిస్తే ఇంజన్ ఏమవుతుంది? రెండో సగం విచిత్రంగా అనిపించినా ఆ రోజుల్లో పెద్ద తలనొప్పే. గన్ను పొగ ఇంజన్ లోపలికి పోతే జెట్ ఇంజన్ ఊపిరాడక ఆగిపోయేది. మిగ్-9లో 37 మి.మీ. గన్నును సరిగ్గా గాలి లోపలికి పోయే నోటి మధ్యలో పెట్టారు, ఎత్తులో కాలిస్తే ఇంజన్ ఆరిపోయేది. గన్ను ఎంత గొప్పదైనా ఎక్కడ బిగించారన్నది చూడకుండా మార్కులు వేయకూడదు.

## ఒక్కచోట అంకెలు

గుండు బరువు, వేగం గుండు రకాన్ని బట్టి కొంచెం మారతాయి. సెకనుకు ఎన్ని, ఎన్ని కిలోలు అన్న గడులు నేను గుణించి వేసిన సుమారు లెక్కలు.

| విమానం, గన్నులు | ఒక్కో గుండు బరువు | వేగం, సెకనుకు | సెకనుకు ఎన్ని గుండ్లు | సెకనుకు మొత్తం బరువు | ఎంతసేపు కాల్చవచ్చు |
|---|---|---|---|---|---|
| మెసర్‌ష్మిట్ 262: 4 ఎంకే 108 | 330 గ్రా. | 540 మీ. | 40 | 13 కిలోలు | 8–10 సెకన్లు |
| మిగ్-15 బిస్: 1 ఎన్-37, 2 ఎన్ఆర్-23 | 735 గ్రా., 200 గ్రా. | 690 మీ. | 35 | 10 కిలోలు | 6 సెకన్లు |
| మీటియోర్ ఎఫ్.8: 4 హిస్పానో | 130 గ్రా. | 850 మీ. | 50 | 6.5 కిలోలు | 15 సెకన్లు |
| సేబర్: 6 బ్రౌనింగ్ ఎం3 | 46 గ్రా. | 870 మీ. | 120 | 5.5 కిలోలు | 15 సెకన్లు |
| హంటర్: 4 ఎడెన్ | 230 గ్రా. | 790 మీ. | 80 | 18 కిలోలు | 7 సెకన్లు |

పట్టిక చూడగానే హంటర్ గెలిచేసిందని అనిపిస్తుంది. చాలావరకు నిజమే. కానీ అది వీటన్నిటికంటే ఆలస్యంగా వచ్చింది, అందరి తప్పులూ చూశాక పుట్టింది. అందుకే ఒక్కోదాన్ని దాని పని పక్కన పెట్టి చూడాలి.

## ఎంకే 108: బాంబర్ల కోసమే పుట్టింది

రైన్‌మెటల్-బోర్జిగ్ తయారీ. బరువు 60 కిలోలలోపే, చాలా భాగాలు రేకును అచ్చులో ఒత్తి చేసినవి, కాబట్టి యుద్ధం చివర్లో కర్మాగారాల మీద బాంబులు పడుతున్నా వేలకొద్దీ తయారు చేయగలిగారు. బారెల్ అరవై సెంటీమీటర్లు కూడా ఉండదు. అంత పొట్టిది కాబట్టే నాలుగింటిని ముక్కులో పక్కపక్కన ఇరికించగలిగారు, అంత పొట్టిది కాబట్టే గుండుకి వేగం రాలేదు.

దీని బలం గుండు లోపల ఉంది. షెల్ గోడ పలచగా చేసి లోపల పేలుడు పదార్థం కూరారు, మొత్తం బరువులో నాలుగో వంతు దాకా అదే. ఇనుప ముక్కలు ఎగరడం కంటే పేలుడు గాలి ఒత్తిడితో విమానం చర్మాన్ని చీల్చడం దీని పద్ధతి. సగటున నాలుగు తగిలితే పెద్ద బాంబర్ పడిపోతుందని జర్మన్ల అంచనా, అదే 20 మి.మీ. గుండ్లయితే ఇరవై దాకా కావాలి. ఫైటర్‌కి ఒక్కటి చాలు.

ఇప్పుడు ఇబ్బందులు. తక్కువ వేగం వల్ల బాగా దగ్గరికి వెళ్ళాలి, కానీ మెసర్‌ష్మిట్ 262 బాంబర్ కంటే ఎంత వేగంగా పోతుందంటే దగ్గరయ్యేసరికే దాటిపోతుంది. కాల్చడానికి దొరికేది అతి కొద్ది సమయం. పైగా గట్టిగా మలుపు తిప్పినప్పుడు ఆ లాగుడుకి తూటాల బెల్టు తెగి గన్ను ఆగిపోయే సమస్య ఉండేది. మలుపులు తిరిగే పోరాటంలో దీన్ని నమ్ముకోకపోవడానికి ఇది రెండో కారణం.

ఎవరికి: బాంబర్ల గుంపు మీదికి వెనక నుంచి తిన్నగా వెళ్ళి, కొద్దిసేపు కాల్చి, వెనక్కి చూడకుండా పోయే ఓపిక ఉన్నవాళ్ళకి. ఎవరికి కాదు: ఎదుటివాడి తోక పట్టుకుని గింగిరాలు తిరిగేవాళ్ళకి.

ఇదే విమానానికి 50 మి.మీ. గన్ను కూడా బిగించి పరీక్షించారు, ముక్కులోంచి పొడుగాటి గొట్టం బయటికి వచ్చిన ఫొటోలు మీరు చూసే ఉంటారు. చూడ్డానికి భయంకరంగా ఉంటుంది, కానీ ఒకటి రెండు విమానాలతో ప్రయోగంగానే మిగిలింది. సిమ్యులేటర్లో సరదాకి ఎగరేయండి, గెలవాలనుకున్న రోజు వద్దు.

## మిగ్-15: ఒకే గురి, రెండు రకాల గుండ్లు

దీని గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే ఎక్కువమంది పొరబడేది ఇక్కడే.

1940ల చివర సోవియట్లకి పెద్ద టెన్షన్ అణుబాంబు మోసుకొచ్చే అమెరికన్ బాంబర్ బి-29. దాన్ని ఒకే రాకలో కూల్చాలి, రెండో అవకాశం ఉండదు. అందుకని ముప్పావు కిలో బరువున్న గుండు విసిరే ఎన్-37ని పెట్టి, తోడుగా రెండు 23 మి.మీ. గన్నులు ఇచ్చారు. 37కి 40 రౌండ్లు, 23లకి ఒక్కోదానికి 80. మొదటి మిగ్-15లలో ఉన్నవి ఎన్ఎస్-23లు, వాటి జోరు, అంటే నిమిషానికి కాల్చే గుండ్ల సంఖ్య, తక్కువ. తర్వాత వచ్చిన బిస్ రకంలో జోరెక్కువ ఉన్న ఎన్ఆర్-23లు వచ్చాయి.

మూడు గన్నులూ, తూటా పెట్టెలూ కలిపి ఒకే పళ్ళెంలాంటి చట్రం మీద ఉంటాయి. నేల మీద సిబ్బంది ముక్కు పక్కన హ్యాండిల్ తిప్పితే, తాళ్ళ మీద ఆ చట్రం మొత్తం కిందికి దిగి నేలకి దగ్గరగా వచ్చేస్తుంది. నిచ్చెనలు అక్కర్లేదు, మూతలోంచి చేతులు దూర్చి తడుముకోవడం అక్కర్లేదు, కూర్చుని గన్ను తుడిచి, బెల్టు సర్ది, మళ్ళీ పైకి చుట్టేయడమే. గడ్డకట్టే చలిలో పనిచేసే మెకానిక్‌ల గురించి ఆలోచించి గీసిన డిజైన్ అది, నాకు మిగ్-15లో అన్నిటికంటే నచ్చే భాగం కూడా అదే.

బాంబర్ల మీద ఇది అనుకున్నట్టే పనిచేసింది. 1951 అక్టోబర్ 23న ఉత్తర కొరియాలోని నామ్సి మీద జరిగిన పోరులో బి-29లు తిన్న దెబ్బ తర్వాత అమెరికన్లు వాటిని పగటి దాడులు మాన్పించి రాత్రి దాడులకి మార్చేశారు. గన్ను చేయాల్సిన పని చేసింది.

సేబర్ల మీద కథ వేరు. అర సెకను కాలిస్తే ఎన్-37 నుంచి వచ్చేవి మూడు గుండ్లు. మూడే! 23ల నుంచి ఇంకో పద్నాలుగు. బయల్దేరేటప్పుడు రెండిటి వేగమూ ఒకటే, కానీ బరువైన 37 గుండు వేగాన్ని నిలుపుకుంటుంది, తేలికైన 23 త్వరగా కోల్పోయి ముందే కిందికి జారుతుంది. గన్‌సైట్ (గురి చూసే పరికరం) ఒక్కటే, అది రెండు దారుల్నీ లెక్కేయలేదు. దూరం పెరిగితే ఒక రకం గుండ్లు పైనుంచి, ఇంకో రకం కిందనుంచి, మధ్యలో సేబర్ క్షేమంగా పోతుంది. దగ్గరికి వెళ్తే ఈ తేడా చెరిగిపోతుంది, తగిలితే ఒక్క 37 గుండే సరిపోతుంది. వేగంగా కదిలే సేబర్‌కి అంత దగ్గరగా వెళ్ళడమే అసలు పని.

ఎవరికి: బాంబర్ల వేటగాళ్ళకి నిస్సందేహంగా. ఫైటర్ల మీద అయితే 200 మీటర్ల దాకా వెళ్ళేవరకు ట్రిగ్గర్ ముట్టకుండా ఉండగలిగే నిగ్రహం ఉన్నవాళ్ళకి మాత్రమే.

## హిస్పానో: పేరు తక్కువ, పనితనం ఎక్కువ

20 మి.మీ. హిస్పానో రెండో ప్రపంచ యుద్ధంలో స్పిట్‌ఫైర్, టెంపెస్ట్‌ల మీద పండిపోయిన గన్ను. మార్క్ 5 రకం బరువు తగ్గి, జోరు పెరిగి నిమిషానికి 750 రౌండ్లకి చేరింది. మీటియోర్, వాంపైర్ రెండిటిలోనూ నాలుగేసి, అదీ ముక్కు దగ్గరే. రెక్కల్లో పెట్టిన గన్నులు ఒక నిర్ణీత దూరంలోనే ఒకచోట కలుస్తాయి, ముక్కులో పెడితే ఆ గోల లేదు, ఏ దూరంలోనైనా గుండ్లు ఒకే కట్టలాగా వెళ్తాయి.

దీనికి పెద్ద లోపం ఏదీ లేదు, అందర్నీ మించే గుణమూ ఏదీ లేదు. గుండు వేగం బాగుంది, దెబ్బ ఫైటర్‌కి సరిపోతుంది, పదిహేను సెకన్ల తూటాలుంటాయి కాబట్టి ఒకటి రెండు సార్లు గురి తప్పినా బతుకుతారు. కొత్తగా నేర్చుకునేవాళ్ళకి నేను మొదట చెప్పేది ఇదే. మన వాయుసేనకి 1948లో వచ్చిన మొదటి జెట్ వాంపైర్, దాని నాలుగు గన్నులూ ఇవే. హైదరాబాద్ పక్కన హకీంపేటలో శిక్షణ పొందిన తొలి తరం జెట్ పైలట్లలో చాలామంది వాంపైర్ నడిపినవాళ్ళే. 1953లో ఫ్రాన్స్ నుంచి తెచ్చుకున్న తూఫానీలో కూడా నాలుగు 20 మి.మీ. హిస్పానోలే.

అయితే 1950ల మధ్యకి వచ్చేసరికి జోరు చాలలేదు. అర సెకనుకి 25 గుండ్లు, విమానాలేమో ఇంకా వేగంగా, ఇంకా గట్టిగా తయారయ్యాయి.

## సేబర్ బ్రౌనింగ్: తగలడం సులువు, పడగొట్టడం కష్టం

ఆరు గన్నులు, ఒక్కోటి నిమిషానికి 1200. అర సెకనులో 60 తూటాలు. వేగం బాగా ఎక్కువ కాబట్టి ముందుకి పెద్దగా ఊహించి గురి పెట్టక్కర్లేదు. దీనికి తోడు తర్వాతి సేబర్లలో రాడార్‌తో దూరం కొలిచే గన్‌సైట్ వచ్చింది, మిగ్ పైలట్ లక్ష్యం వెడల్పు చూసి చేత్తో వలయం సరిపెట్టుకునే సమయంలో సేబర్ పైలట్‌కి ఆ లెక్క దానంతటదే జరిగిపోయేది. కొరియాలో సేబర్ ఎందుకు నిలబడిందన్న ప్రశ్నకి సగం జవాబు ఈ గన్‌సైట్‌లోనే ఉంది, మిగతా సగం పైలట్ల అనుభవంలో.

కానీ గన్ను చాల్లేదన్నది సేబర్ పైలట్ల ఫిర్యాదే. తూటాలో పేలుడు లేదు, ఎత్తులో గాలి పలచన కాబట్టి నిప్పు కూడా సరిగ్గా అంటుకోదు. ఒంటినిండా చిల్లులతో మిగ్‌లు ఇంటికి చేరుకున్నాయి. ఆ బాధతోనే అమెరికన్లు 1953 మొదట్లో కొన్ని సేబర్లకి నాలుగేసి 20 మి.మీ. కొత్త గన్నులు బిగించి కొరియాకే పంపి పోరాటంలో పరీక్షించారు. దెబ్బ అద్భుతంగా ఉంది, అయితే ఎత్తులో కాల్చినప్పుడు పొగ ఇంజన్‌లోకి వెళ్ళి ఊపిరాడని పాత జబ్బు మళ్ళీ బయటపడింది. దాన్ని సరిచేసుకున్నాకే ఆ గన్ను ఎం39గా సూపర్ సేబర్ దాకా వెళ్ళింది.

ఎవరికి: గురి ఇంకా కుదరనివాళ్ళకి, కదులుతున్న ఫైటర్ మీద చటుక్కున కాల్చాల్సినవాళ్ళకి. బాంబర్ మీదికి దీనితో వెళ్ళకండి.

## ఎడెన్, డెఫా: రివాల్వర్ క్యానన్లు

జర్మన్ మౌజర్ కంపెనీ యుద్ధం చివర్లో ఎంజీ 213 అని ఒకటి తయారుచేస్తూ ఉండగానే యుద్ధం అయిపోయింది. గెలిచినవాళ్ళు ఆ కాగితాలు, నమూనాలు పట్టుకుపోయారు. బ్రిటన్‌లో అది ఎడెన్ అయింది, ఫ్రాన్స్‌లో డెఫా, అమెరికాలో పైన చెప్పిన ఎం39. ఒకే తల్లి బిడ్డలు.

కిటుకు ఇది. మామూలు గన్నులో ఒకే గది ఉంటుంది: తూటా లోపలికి తోయాలి, కాల్చాలి, ఖాళీ డొక్కు బయటికి లాగాలి, మళ్ళీ తోయాలి. ఒక పని అయ్యేదాకా ఇంకోటి ఆగాలి. ఇందులో సినిమాల్లో చూసే ఆరు తూటాల రివాల్వర్‌లాగా తిరిగే డ్రమ్ములో ఐదు గదులుంటాయి. ఒక గది బారెల్ ఎదురుగా కాలుతుండగా, ఇంకోదాంట్లోకి తూటా దశలవారీగా ఎక్కుతుంటుంది, మరోదాంట్లోంచి డొక్కు పోతుంటుంది. అన్నీ ఒకేసారి. అందుకే 30 మి.మీ. గన్ను అయినా నిమిషానికి 1200, ఆపైన. ట్రిగ్గర్ నొక్కిన మొదటి క్షణం నుంచే పూర్తి జోరు. తర్వాత వచ్చిన ఆరు బారెళ్ళ వల్కన్ లాంటివి నిమిషానికి ఎన్నో రెట్లు కాలుస్తాయి, కానీ తిరగడం అందుకోడానికి వాటికి కాస్త సమయం పడుతుంది, అర సెకను పోరాటంలో అది చిన్న విషయం కాదు.

మొదట్లో బ్రిటిష్ వాళ్ళు పొట్టి తూటాతో మొదలుపెట్టారు, వేగం చాలక పొడవైన తూటాకి మారారు. ఆ మార్పుతోనే ఈ గన్ను పూర్తయింది. దెబ్బలో ఎంకే 108కి దగ్గర, వేగంలో హిస్పానోకి దగ్గర.

హంటర్‌లో నాలుగు ఎడెన్లూ, తూటాలూ ఒకే ప్యాక్‌గా కాక్‌పిట్ కింద వేలాడతాయి. దిగగానే బారెళ్ళు విమానంలోనే ఉంచి ప్యాక్ మొత్తం దించేసి, ముందే నింపి పెట్టుకున్న ఇంకో ప్యాక్ ఎక్కించేస్తే కొన్ని నిమిషాల్లో మళ్ళీ సిద్ధం. తొలి హంటర్లకీ కష్టాలు తప్పలేదు, ఎవాన్ ఇంజన్ ఉన్న ఎఫ్.1 ఎత్తులో కాలిస్తే ఇంజన్ తడబడేది, సఫైర్ ఇంజన్ ఉన్న ఎఫ్.2కి ఆ సమస్య లేదు. బయటికి విసిరేసిన బెల్టు లింకులు విమానానికే తగులుతుంటే వాటిని పోగుచేయడానికి పొట్ట కింద రెండు బుడిపెలు అంటించారు. హంటర్ మోడల్ కట్టేవాళ్ళు ఆ బుడిపెలు మర్చిపోవద్దు.

మనకి ఈ గన్ను బాగా తెలిసినదే. 1965 సెప్టెంబర్ 7న పశ్చిమ బెంగాల్‌లోని కలైకుండా మీద మన పైలట్ ఆల్ఫ్రెడ్ కుక్ హంటర్‌తో పాకిస్తాన్ సేబర్‌ని కూల్చింది ఈ ఎడెన్లతోనే. 1971లో లోంగేవాలా ఇసుకలో పాకిస్తాన్ ట్యాంకుల మీద హంటర్లు రాకెట్లతోపాటు వాడిందీ ఇవే. మిస్టేర్‌కి రెండు డెఫాలు. విశాఖ బీచ్ రోడ్డు మ్యూజియంలో పెట్టిన సీ హారియర్ కూడా తన సర్వీసు రోజుల్లో పొట్ట కింద రెండు ఎడెన్ పాడ్లు మోసిన విమానమే, అంటే ఈ డిజైన్ మన నౌకాదళంలో 2016 దాకా బతికింది.

న్యాట్ విషయం మాత్రం జాగ్రత్త. అదే గన్ను, రెండే, ఒక్కోదానికి 115 రౌండ్లు, కానీ విమానం మరీ చిన్నది కాబట్టి ఇరుకులో బిగించారు. 1965లో పోరాటం మధ్యలో గన్నులు ఆగిపోయిన సందర్భాలు న్యాట్ పైలట్లని బాగా ఏడిపించాయి. హంటర్‌లో బాగా పనిచేసిన గన్ను ఇంకో విమానంలో అంతే బాగా పనిచేస్తుందని అనుకోకూడదు అనడానికి ఇంతకంటే ఉదాహరణ అక్కర్లేదు.

## అయితే మీరేది తీసుకోవాలి

సిమ్యులేటర్‌కి కొత్త అయితే మీటియోర్ లేదా వాంపైర్. తూటాలు ఎక్కువ, గురి నేర్పుతాయి, తగిలితే ఫలితం కనిపిస్తుంది. సేబర్ ఇంకా సులువే కానీ, దానితో మొదలుపెడితే దూరం నుంచి చల్లేయడం అలవాటైపోతుంది, ఆ అలవాటు వదిలించుకోడానికి చాలా రోజులు పడుతుంది.

ఫైటర్ల మధ్య పోరే ఇష్టమైతే, ఎదురుగా ఉన్నవి సేబర్ కాలపు విమానాలే అయితే సేబర్. హంటర్ అందుబాటులో ఉంటే ఇంకేమీ ఆలోచించకండి, తీసుకోండి. కాకపోతే ఏడు సెకన్ల తూటాలే ఉన్నాయని గుర్తుపెట్టుకుని చిన్న చిన్నగా నొక్కండి.

బాంబర్లని ఆపడం మీ పని అయితే పోటీ మెసర్‌ష్మిట్ 262కి, మిగ్-15కి మధ్యే. నేను మిగ్ వైపు. ఒక్కో గుండులో ఎంకే 108 పేలుడు గొప్పదే, కానీ మిగ్ గుండ్లకి సెకనుకి 150 మీటర్ల వేగం ఎక్కువ, అంటే బాంబర్ తోక గన్నర్ల నుంచి ఇంకొంచెం దూరంలో ఉండి కాల్చవచ్చు. పైగా తూటాలు అయిపోయాక తప్పించుకుని పైకి ఎక్కే శక్తి ఆ విమానానికి ఎక్కువ.

చరిత్ర కోసం చదివేవాళ్ళు ఒక్కదాన్నే లోతుగా చూడాలనుకుంటే రివాల్వర్ క్యానన్ కథ పట్టుకోండి, జర్మనీలో మొదలై మూడు దేశాల్లో మూడు రకాలుగా ఎదిగిన తీరు చూస్తుంటే ఆ కాలం మొత్తం అర్థమవుతుంది.

ఇంతా విన్నాక కూడా ఫైటర్ల మీదికి మిగ్-15నే తీసుకుంటానంటే ఒక్క మాట. ఆ విమానంలో 37కి, 23లకి వేర్వేరు బటన్లు ఉన్నాయి, సిమ్యులేటర్లో కూడా వాటిని విడిగా పెట్టుకోండి. ముందు 23లతో మొదలుపెట్టండి, అవి తగలడం కళ్ళారా చూశాక, ఎదుటి విమానం రెక్కలు మీ గన్‌సైట్ వలయం నిండా వచ్చాక, అప్పుడు 37 నొక్కండి. ఉన్నవి 40 రౌండ్లే.